ఇమానం బాబు నైవేద్యం

దేవుడు పూనినవాడికి దేవుడేమన్నాడో తెలియదు. ఈ సంగతి ఖరగ్‌పూర్ నిమ్‌పురాలో నూకయ్యకి తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. ఏడాదికోసారి, చైత్రంలో ఎండ ముదిరాక, ఇమానం బాబు అతని మీదికి వచ్చేవాడు. వచ్చి ఇంగ్లీషు మాట్లాడేవాడు. పిల్లకి సంబంధం కుదురుతుందా అన్నవాళ్ళకీ, ప్రమోషన్ వస్తుందా అన్నవాళ్ళకీ, పోయిన మేక దొరుకుతుందా అన్నవాళ్ళకీ ఏదో ఒక సమాధానం దొరికేది. నూకయ్యకి మాత్రం దొరికేది కాదు. పూనకం రాకముందు కళ్ళు మూసుకుని అతను ఏటా ఒకే ప్రశ్న అడిగేవాడు. బాబూ, మా తమ్ముడు జగ్గారావు ఎక్కడున్నాడు? ఆ తరవాత ఒళ్ళు తెలిసేది కాదు. తెలివొచ్చాక భార్య సింహాచలమ్మని పట్టుకునేవాడు.

"నా పెశ్నకి ఏటన్నాడే?"

"బ్లడీ ఫూలన్నాడు," అనేది సింహాచలమ్మ. "ఇంకా ఏటేటో అన్నాడు గానీ నాకు తెల్లేదు."

నూకయ్య రైల్వే వర్క్‌షాపులో, వేగన్ల సెక్షన్లో రివెట్లు కొట్టే మనిషి. ఏళ్ళ తరబడి ఇనుము మీద ఇనుము కొట్టి చెవులు సగం పోగొట్టుకున్నాడు. ఇంట్లో అతని మాట చెల్లదు, షాపులో అతనికి మాట వినబడదు. మనిషన్నాక ఎక్కడో ఒకచోట పరువుండాలి కదా. అతని పరువంతా యార్డు దాటాక, ఎర్ర మోరం నేలలో, సగం భూమిలోకి దిగిపోయిన ఒక విమానం చక్రం దగ్గర ఉండేది. దానికి పసుపు రాసి, బొట్లు పెట్టి, చుట్టూ రైలు పట్టాల కింద వేసే పాత స్లీపర్లు పాతి, ఏటా వేగన్లకి వేసే ఎర్ర రంగే ఒక పూత వేసి, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్ళంతా ఇమానం బాబు అని పిలుచుకునేవారు. పూజారి నూకయ్య.

రైల్వే స్కూలు సోమయాజులు మేష్టారికి ఈ వ్యవహారం తలుచుకుంటే నవ్వాగేది కాదు. ఆయన ఉండేది సుభాష్‌పల్లిలో. ఒక ఏడాది పనిగట్టుకుని ఎండలో అంతదూరం వచ్చి, పూనకమంతా విని వెళ్ళాడు. మర్నాడు గోల్‌బజార్ కూరల వరసలో నూకయ్య ఎదురైతే ఆపాడు.

"నూకయ్యా, మీ బాబుది ఏ ఊరోయ్?"

"ఇంగ్లండేనండి."

"ఆయన మాట్లాడే ఇంగ్లీషంతా మీ ఫోర్మన్ ఇంగ్లీషు కదయ్యా. హోల్డ్ ఇట్ స్ట్రెయిట్, టైం ఈజ్ అప్. విమానాలు నడిపేవాడికి రివెట్ల గొడవెందుకు చెప్పు?"

నూకయ్యకి తల కొట్టేసినట్టయింది. ఇంటికి పోయి ఆలోచిస్తే మేష్టారన్నది నిజమే అనిపించింది. దేవుడైనా ఉన్న సామానుతోనే కదా పని చేసుకోవాలి. తన బుర్రలో అంతకు మించి సరుకు లేకపోతే బాబుదేం తప్పని సమాధానపడ్డాడు. కానీ ఆ ఏడాది నుంచి పూనకం ముందు నవ్వొచ్చేది. పెదవి కొరుక్కుని ఆపుకునేవాడు. చూసినవాళ్ళు, బాబు వస్తున్నాడు, మొహం చూడండి, అనుకునేవారు.

విమానం పడింది యుద్ధం రోజుల్లో. అప్పట్లో ఖరగ్‌పూర్ చుట్టుపక్కలంతా మిలిటరీ దిగింది. ఆకాశం ఖాళీగా ఉండేది కాదు. పడింది బాంబులు మోసేది కాదు. రెండు ఇంజన్లున్న చిన్న రవాణా విమానం, మందుల పెట్టెలూ ఉత్తరాల సంచులూ మోసుకు తిరిగేది. ఒక సాయంత్రం అది యార్డు మీదుగా మరీ కిందకి వచ్చి, ఒక రెక్క వాల్చి, మోరం నేలలో కూలి అంటుకుంది. షాపులో డ్యూటీ దిగినవాళ్ళు దిగినట్టే పరిగెత్తారు. వాళ్ళు వెళ్ళేసరికే మిలిటరీ వాళ్ళు తుపాకులు అడ్డం పెట్టి నిలబడ్డారు. పొగ తప్ప ఎవరూ ఏమీ చూడలేదు. తరవాత ఆ తునకలన్నీ లారీల్లో ఎత్తుకుపోయారు. లోతుగా దిగిన చక్రాన్ని పీకే ఓపిక లేక వదిలేశారు.

నూకయ్య ఆ సాయంత్రం పరిగెత్తలేదు. కోపంగా ఇంట్లో కూర్చున్నాడు. కోపం తమ్ముడి మీద. జగ్గారావు వర్క్‌షాపులో ఖలాసీ, విమానాల పిచ్చివాడు. డ్యూటీలో ఉండవలసినవాడు మోరం గట్టు మీద నిలబడి ఆకాశం చూస్తూ ఉండేవాడు. ఆ పొద్దున ఫోర్మన్ పదిమందిలో నూకయ్యని నిలబెట్టి, నీ తమ్ముడేడీ అని కడిగేశాడు. మధ్యాహ్నం తిండికి ఇంటికొస్తే, ఆ తమ్ముడు అరుగు మీద కూర్చుని ఎండు నెత్తళ్ళ చేపలు నంజుకుంటూ చోడిపిండి అంబలి తాగుతున్నాడు. నూకయ్య వాడి చేతిలో గిన్నె లాగేసి చెంప మీద ఒక్కటిచ్చాడు.

"మళ్ళీ ఈ గడప తొక్కినావంటే కాళ్ళిరగ్గొట్టేస్తాను."

"తొక్కన్లే. మిలిటరీ లారీ ఎక్కేసి అస్సాం ఎల్లిపోతాను," అన్నాడు జగ్గారావు. చెయ్యి కూడా కడుక్కోకుండా వెళ్ళిపోయాడు.

మర్నాడూ రాలేదు. అప్పుడు వెతకడం మొదలుపెడితే, యార్డులో షంటింగ్ చేసే సొలొమోను చెప్పాడు.

"మీవోణ్ణి నాను సూసినాన్రా. నిన్న పొద్దుగూకే ఏళ మిలిటరీ లారీలో కూకుని ఎల్తన్నాడు. పిలిస్తే పలకలేదు."

ఇంకేం, అన్నంత పనీ చేశాడన్నమాట. ఆ రోజుల్లో లారీలెక్కి అస్సాం కూలిపనికి పోయినవాళ్ళు బోలెడుమంది. నూకయ్య నమ్మాడు. నమ్మడం తేలికగా కూడా ఉంది. జగ్గారావు వర్క్‌షాపులో హాజరుకిచ్చే నంబరు ఇత్తడి బిళ్ళ కూడా తీసుకుపోయాడని ఫోర్మన్ మళ్ళీ నూకయ్యనే తిట్టాడు. కోపం చల్లారితే వాడే వస్తాడులే అనుకున్నాడు నూకయ్య. యుద్ధం అయిపోయింది, తెల్లవాళ్ళు వెళ్ళిపోయారు, వాడు రాలేదు. కొట్టిన చెయ్యి అప్పుడప్పుడు నూకయ్య చూసుకునేవాడు. రివెట్లు కొట్టే చెయ్యి. మెల్లగా కొట్టడం దానికి చేతకాదు.

ఇక దేవుడి సంగతి. విమానం పడిన ఏడాదే వానాకాలంలో సింహాచలమ్మ ఆ పక్కన కంపలు ఏరుకొచ్చి జ్వరాన పడింది. ఆస్పత్రి మందుకి దిగలేదు. సోది చెప్పే అప్పలకొండని పిలిపించారు. ఆవిడ చేటలో బియ్యం పోయించుకుని, కర్ర చేతబట్టి, కళ్ళు పైకి తిప్పి రాగం తీసింది.

"నిప్పులో పోనాడమ్మా. పడుసోడు, పెళ్ళి కాలేదు. ఆకలి మీద ఉన్నాడు. ఇంటికెల్దారంటే దారి మూసీసినారంట."

ఇంకెవరు, విమానంతో కాలిపోయిన దొర. ఇంటికి వెళ్దామంటే సముద్రం అడ్డం. ఆకలి అంటే దొరల తిండి కావాలి. ఈ అర్థం అందరికన్నా ముందు చెప్పింది నూకయ్యే. తన తెలివికి తనే మురిసిపోయాడు. బేకరీ రొట్టె, ఉడకబెట్టిన కోడిగుడ్లు, పాలు పోసిన టీ తీసుకుపోయి చక్రం ముందు పెట్టాడు. సింహాచలమ్మకి జ్వరం దిగింది. అంతటితో చక్రం దేవుడైపోయింది. కోడిని కోద్దామని ఎవరో అంటే, దొరలు రక్తం చూస్తే జడుసుకుంటారని నూకయ్య కొట్టిపారేశాడు. యుద్ధానికి వచ్చినవాడు కోడి రక్తానికి జడుసుకుంటాడా అని అప్పుడు ఎవరికీ తోచలేదు. టీ తరవాత ఒక సిగరెట్టు ముట్టించి చక్రం మీద పెట్టేవాడు. ఆరిపోకుండా ఉండటానికని మధ్యమధ్య తనే రెండు దమ్ములు లాగేవాడు.

ఇలా ఇరవై ఏళ్ళు పైనే గడిచాయి. నూకయ్య జుట్టు నెరిసింది, షాపులో ఫోర్మన్లు మారారు, బాబు ఇంగ్లీషు మాత్రం మొదటి ఫోర్మన్ దగ్గరే ఆగిపోయింది.

ఆ ఏడాది జాతర ఆదివారం పడింది. జనం బాగా వచ్చారు. నూకయ్య ఒంటినిండా పసుపు పూసుకుని, కాళ్ళకి గజ్జెలు కట్టుకుని నిలబడ్డాడు. డప్పులు జోరందుకున్నాయి. కళ్ళు మూసుకున్నాడు. బాబూ, నాకూ వయసైపోతోంది, ఈసారైనా తెలిసేలాగ చెప్పు, మా తమ్ముడెక్కడున్నాడు? వీపులో సన్నగా వణుకు మొదలైంది. అంతలో డప్పులు ఆగిపోయాయి.

కళ్ళు తెరిచాడు. రిక్షాలోంచి సోమయాజులు మేష్టారు దిగుతున్నాడు. ఆయన వెనక ఒక దొర. యాభైకి దగ్గరపడ్డవాడు, బట్టతల, ఎండకి మొహం కందిపోయింది, ఒక కాలు ఈడుస్తున్నాడు. దిగగానే రిక్షా తొక్కినవాడికి దణ్ణంలాంటిదేదో పెట్టాడు.

"నూకయ్యా," అన్నాడు మేష్టారు. ఆయన గొంతులో ఎప్పుడూ ఉండే వెటకారం లేదు. "ఈయన పేరు బార్లో. యంత్రాల కంపెనీ పనిమీద కలకత్తా వచ్చాడు. విమానం కూలిన చోటు ఎక్కడని స్టేషన్లో అడుగుతుంటే నా దగ్గరికి పంపించారు. ఆ విమానం నడిపింది ఈయనే."

నూకయ్య దొరని చూశాడు, చక్రాన్ని చూశాడు, చక్రం ముందున్న రొట్టెనీ గుడ్లనీ చూశాడు. సిగరెట్టు ఇంకా కాలుతోంది. ఇన్నేళ్ళూ తన మీదికి వచ్చిన దేవుడు నిక్షేపంగా బతికి ఉన్నాడు, రిక్షాలో వచ్చాడు, జేబురుమాలుతో మెడ తుడుచుకుంటున్నాడు. పారిపోతే ఎలా ఉంటుందని ఒక్క క్షణం ఆలోచించాడు. కాళ్ళకి గజ్జెలున్నవాడు చప్పుడు కాకుండా ఎంతదూరం పోగలడు?

"మరైతే మన నూకయ్య మీదికి వచ్చినోడెవుడ్రా?" అన్నారెవరో వెనకనించి.

నవ్వు జనంలోకి పాకింది. నూకయ్య కూడా నవ్వాడు. నవ్వక చేసేదేముంది, తనని చూస్తే తనకే నవ్వొచ్చేలా ఉన్నాడు. పసుపు పూసుకున్న ముసలి రివెట్ల మనిషి, కోడిగుడ్ల ముందు గజ్జెలతో. కానీ లోపల ఏదో కూలిపోయింది. పరువు పోతే పోయింది, అది అప్పుతెచ్చుకున్న పరువే. ఏటా అడిగిన ప్రశ్న సంగతేమిటి? అక్కడ వినేవాడే లేకపోతే ఇన్నాళ్ళూ తను ఎవరిని అడిగినట్టు?

"మేష్టారూ," అన్నాడు బతిమాలుతున్నట్టు. "ఇమానంలో ఇంకొకరెవరైనా ఉన్నారేమో, ఆ బావు సచ్చిపోనాడేమో, ఓపాలి అడగండి."

మేష్టారు అడిగాడు. దొర తల అడ్డంగా ఊపాడు. ఉన్నది ఇద్దరే. రెండోవాడు ఇప్పుడు వాళ్ళ ఊళ్ళో కొట్టు పెట్టుకుని బతుకుతున్నాడు. ఆ తరవాత దొర ఇంకా ఏదో చెప్పసాగాడు. వింటున్నకొద్దీ మేష్టారి మొహం మారిపోయింది.

"విమానంలో ఎవరూ చావలేదట," అన్నాడు మేష్టారు. "కింద ఒకడు చచ్చిపోయాడంటున్నాడు. ఈయన కాలు సీటు కింద ఇరుక్కుపోయింది. మంటలు లేచాయి. గట్టు మీద నుంచి ఒక కుర్రాడు పరిగెత్తుకొచ్చాడట. అద్దం చేతుల్తోనే పగలగొట్టి ఈయన్ని లాగేశాడు. మళ్ళీ లోపలికి పోయి రెండో ఆయన్నీ లాగాడు. అప్పటికి వాడి వీపూ చేతులూ కాలిపోయాయి. మిలిటరీ లారీలో ఈయన తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడట, ఆస్పత్రిదాకా. అక్కడ విడదీశారు. కొన్నాళ్ళకి ఆ కుర్రాడు పోయాడని చెప్పారట. పేరు ఎవరికీ తెలియదు. వాడి మాట అర్థమైనవాళ్ళు అక్కడ ఎవరూ లేరు."

దొర జేబులోంచి ఏదో తీశాడు. మేష్టారు దాన్ని అందుకుని, చూసి, తను ఉంచుకోలేనట్టు వెంటనే నూకయ్య చేతిలో పెట్టాడు.

"ఇది ఆస్పత్రిలో ఈయన సామానులో కలిసిపోయి ఇంగ్లండు వెళ్ళిపోయిందట. తాయెత్తేమో అనుకున్నాడు. మన దేశంలో రైల్వే పని చేసి వెళ్ళిన ఒకాయన ఈ మధ్యనే చూసి, ఇది వర్క్‌షాపు బిళ్ళ అని చెప్పాడట."

ఇత్తడి బిళ్ళ. నూకయ్య దాని మీద నంబరు చూడలేదు. అంచు మీద వేలు రాశాడు. చిన్న నొక్కు తగిలింది. అన్నదమ్ములిద్దరి బిళ్ళలూ ఇంట్లో ఒకే మేకుకి వేలాడేవి. తెల్లారకుండా డ్యూటీకి పోయేటప్పుడు తారుమారు కాకుండా, తమ్ముడి బిళ్ళకి నూకయ్యే ఉలితో ఆ నొక్కు పెట్టాడు.

"సొలొమోనూ," అని పిలిచాడు.

జనంలోంచి సొలొమోను ముందుకి వచ్చాడు. అతనూ ముసలివాడయ్యాడు.

"ఆ లారీలో మావోడు ఎలగ కూకున్నాడ్రా?"

"కూకునే ఉన్నాడు." సొలొమోను ఒళ్ళో ఏదో ఉన్నట్టు రెండు చేతులూ పట్టి చూపించాడు. "ఒళ్ళో ఏదో ఎట్టుకున్నాడు. మూట అనుకున్నాన్రా నాను. అస్సాం ఎల్తన్నాడు కదా, బట్టల మూట అనుకున్నాను."

అప్పలకొండ స్లీపరు మీద కూర్చుని ఉంది. కళ్ళు కనబడవు, చెవులు మాత్రం నిక్షేపంలా పని చేస్తాయి.

"నాను దొర అన్నానేట్రా నూకయ్యా?" అంది. "పడుసోడన్నాను. ఇంటికెల్దారంటే దారి మూసీసినారన్నాను. సముద్రం అన్నది నువ్వు."

నూకయ్య ఉన్నచోటే కూలబడ్డాడు. గజ్జెలు ఒక్కసారి మోగి ఊరుకున్నాయి. సముద్రం కాదు. రైల్వే క్వార్టరు గడప. జానెడెత్తు కూడా ఉండదు. దాన్ని మూసినవాడు ఏటా ఒంటికి పసుపు పూసుకుని వచ్చి, నువ్వెక్కడున్నావురా అని వాణ్ణే అడిగాడు. వాడు ఇక్కడే ఉన్నానని చెప్పాడో లేదో, చెబితే తను ఏ ఫోర్మన్ భాషలోకి మార్చేశాడో. అతనికి దుఃఖం ముంచుకొచ్చింది. ముసలివాడు పదిమందిలో ఏడవకూడదని గుర్తులేదు. వెక్కి వెక్కి ఏడ్చాడు.

ఏడుస్తూ ఏడుస్తూ చక్రం వైపు చూశాడు.

"ఆడికి గుడ్డు వాసన పడదు కదే," అన్నాడు సింహాచలమ్మతో. "నువ్వు గుడ్డు వండితే ఈదిలోకి పోయి కూకునీవోడు కదే. ఆకలేస్తందిరా అంటే ఇన్నేళ్ళూ గుడ్డెట్టినాను. ఎండిపోయిన రొట్టెట్టినాను."

ఏడుపులోనే అతనికి నవ్వొచ్చింది. ఇంత చక్కటి వెధవ ఈ రైల్వే మొత్తంలో ఇంకొకడు ఉండడు అనుకున్నాడు.

"లెగు," అంది సింహాచలమ్మ. కొంగుతో కళ్ళు ఒత్తుకుని అతని రెక్క పట్టుకుంది. "ఇంటికి తీసుకెల్దాం పద. పొద్దున కాసిన అంబలుంది."

బయట పోయినవాణ్ణి పేరు పెట్టి పిలుచుకుంటూ ఇంట్లోకి తెచ్చుకోవడం వాళ్ళ వైపు ఉన్నదే. పళ్ళెంలో బియ్యం పోసి, బియ్యం మీద బిళ్ళ పెట్టారు. డప్పులు మళ్ళీ మోగాయి, ఈసారి నెమ్మదిగా. యార్డు గేటు దగ్గర రిక్షాలవాళ్ళు, ఎవరు దాదా, ఎవరు పోయారు అని అడిగితే, మా నూకయ్య తమ్ముడని చెప్పుకుంటూ నడిచారు. దొర కుంటుకుంటూ వెనకాల వచ్చాడు. రిక్షా ఎక్కమన్నా ఎక్కలేదు.

ఇంటి పెద్ద లోపల నిలబడి పిలవాలి. నూకయ్య లోపలికి వెళ్ళి గుమ్మం వైపు తిరిగాడు. గడప అవతల సింహాచలమ్మ పళ్ళెం పట్టుకుని నిలబడింది. ఏటా వందమందిలో హోల్డ్ ఇట్ స్ట్రెయిట్ అని అరిచిన గొంతుతోనే మెల్లగా పిలిచాడు.

"రారా జగ్గా," అన్నాడు. "గడప తొక్కు. ఏటీ అనన్లే."

సింహాచలమ్మ పళ్ళెంతో గడప దాటి లోపలికి వచ్చింది.

గోడవార పీట వేసి బిళ్ళని పెట్టారు. ముందు ఒక గిన్నెలో అంబలి, పక్కన వేయించిన ఎండు నెత్తళ్ళు. అన్నీ అమర్చాక నూకయ్య వీధిలోకి చూశాడు. బార్లో టోపీ చేత్తో పట్టుకుని, వెళ్ళాలో ఉండాలో తెలియక నిలబడ్డాడు.

"మేష్టారూ, ఆ బావుని లోనికి రమ్మనండి. రొట్టె, గుడ్లు తెచ్చీసినాం. అయ్యి ఆయన పేరున ఎట్టినయ్యే కదా."

మేష్టారు ఆ మాట ఇంగ్లీషులో ఎలా చెప్పాడో నూకయ్యకి తెలియదు. దొర బూట్లు విప్పి, కుంటి కాలు బారజాపి నేల మీద కూర్చున్నాడు. ఎప్పుడూ గడప బయటే నిలబడి మాట్లాడే మేష్టారు కూడా లోపలికి వచ్చి ఆయన పక్కన కూర్చున్నాడు. కిటికీ నిండా తలలు. ఇమానం బాబు నైవేద్యం తింటుంటే నిమ్‌పురా వాళ్ళు చూడటం అదే మొదటిసారి. దొర గుడ్డు ఒలిచి, ఒక ముక్క కొరికి, మేష్టారితో మెల్లగా ఏదో అన్నాడు.

"కాస్త ఉప్పుందా అంటున్నాడు," అన్నాడు మేష్టారు.

ఇన్నేళ్ళలో గుడ్డు పక్కన ఉప్పు పెట్టాలని నూకయ్యకి తోచనేలేదు. తనే లేచి వెళ్ళి ఉప్పు తెచ్చి దొర ముందున్న ఆకులో వేశాడు. తరవాత తమ్ముడి గిన్నె దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. అంబలి మీద ఒక ఈగ వాలబోయింది. కొట్టిన చేత్తోనే దాన్ని తోలి, గిన్నెని బిళ్ళ దగ్గరికి కొంచెం జరిపాడు.

"తాగరా," అన్నాడు. "ఎవుడూ లాక్కోడు."